తనిఖీ రోజున కనపడని స్టాండు

నెల్లూరు ఎండకి రబ్బరు నిలవదు. చేతిలో పట్టే జీపీఎస్‌ని తయారు చేసిన చలిదేశం వాళ్ళకి ఈ ముక్క తెలిసి ఉంటే, దాన్ని అద్దానికి అంటించడానికి రబ్బరు గిన్నె కాకుండా ఇంకేదైనా ఇచ్చి ఉండేవాళ్ళు. అప్పుడు మా కెప్టెన్ బతికి ఉండేవాడని నేను అనను. ఏదో ఒకటి అడ్డం వచ్చేదిలే. కానీ ఇది రబ్బరు దగ్గరే మొదలైంది కాబట్టి నేనూ అక్కడే మొదలు పెడుతున్నాను.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, మీ సర్వీసులో మరిచిపోలేనిది ఏదైనా చెప్పండి మేడమ్ అని అడుగుతుంటారు. శాలువా కప్పే సభల్లో చెప్పుకునే సంగతులు నా దగ్గర లేవు. ఉన్నది ఇదొక్కటే. దీన్ని వింటే మీకు ఉత్సాహం రాదు, ముందే చెబుతున్నాను.

బోగోలు దాటి సముద్రం వైపు పోతే సర్వితోపుల, అదే సరుగుడు తోటల వెనక ఒక రొయ్యల కంపెనీకి సొంత రన్‌వే ఉండేది. ఇప్పుడు దాని మీద చేపలు ఆరబోస్తున్నారు. కంపెనీ యజమానికి చిన్న విమానం ఒకటి ఉండేది. ముందు ఒకే ఇంజను, లోపల నాలుగు సీట్లు. తీరం పొడుగునా ఉన్న రొయ్యల గుంటల్ని పైనించి చూసుకోవడానికి, కొనడానికి వచ్చినవాళ్ళకి చూపించడానికి, ఆయన మద్రాసు పోయి రావడానికి దాన్ని వాడేవారు. నాది రన్‌వే పక్కన రేడియో గదిలో పని. గాలి ఎటు వీస్తోందో, మబ్బు ఎంత కిందికి దిగిందో కెప్టెన్‌కి చెప్పాలి. ఆయన పైనించి చెప్పింది వినాలి. గాలిలో ఉన్న మనిషికి నేలమీద ఒక గొంతు ఉండాలి కదా, ఆ గొంతు నేను.

కెప్టెన్‌ది మనుబోలు దగ్గర పల్లె. నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అనేవాడు. నేను వాన వస్తుందని చెప్పిన రోజు ఎండ కాస్తే, దిగీ దిగగానే రేడియో గది కిటికీలో తలపెట్టి, "అక్కా, గొడుగు అరువియ్యి, తడిసి ముద్దయిపోయినా" అని ఏడిపించేవాడు. గూడూరు పోయినప్పుడల్లా ఒక సంచీ నిమ్మకాయలు తెచ్చి క్యాంటీన్‌లో పడేసి, అందరి చేతా మజ్జిగలో పిండించి తాగించేవాడు. విమానం నడపడం తప్ప ఏ పనీ శ్రద్ధగా చేసే రకం కాదు. ఆ ఒక్క పని మాత్రం చాలా శ్రద్ధగా చేసేవాడు.

మెకానిక్‌ది కావలి. మా ఇద్దరికంటే పెద్దవాడు. ఇక్కడికి రాకముందు పడవ ఇంజన్లు, టేప్‌రికార్డర్లు బాగు చేసేవాడు. అందరం అన్నా అనే పిలిచేవాళ్ళం. విమానం పత్రాల మీద సంతకం పెట్టే ఇంజనీరు మద్రాసు నుంచి తనిఖీలకి మాత్రమే వచ్చేవాడు. రోజూ విమానాన్ని కడిగి, తుడిచి, చెవి పెట్టి వినేది ఈ అన్నే. మధ్యాహ్నం కెప్టెన్, అన్న ఒకే క్యారియర్ తినేవాళ్ళు. అన్న ఇంటి నుంచి వచ్చిన చేపల పులుసు కెప్టెన్ తినేవాడు, క్యాంటీన్ సాంబారు అన్నకి మిగిలేది. ఇదేమన్నా న్యాయమా అని నేనడిగితే, "తిననియ్యండమ్మా, పైకి పొయ్యేవాడు" అనేవాడు. ఆ మాట ఇప్పుడు తలుచుకోబుద్ధి కాదు.

సెల్‌ఫోన్లలో మ్యాపులు ఇంకా రాని రోజులవి. అరచేతిలో పట్టే జీపీఎస్ ఒకటి యజమాని ఎక్కడినుంచో తెచ్చి కెప్టెన్‌కి ఇచ్చాడు. అప్పటిదాకా ఆయన మ్యాపు, గడియారం, కంపాస్ చూసుకుంటూ తిరిగేవాడు. ఇది వచ్చాక మ్యాపు సీటు కిందికి పోయింది. మనం ఎక్కడున్నామో, రన్‌వే ఎటుందో ఆ చిన్న తెర మీద గీత గీసి చూపిస్తుంటే ఇక కంపాస్‌తో పనేముంది? కంపాస్ మాత్రం ముందు ప్యానెల్ పైన, గాజు బుడ్డిలో నూనెలో తేలుతూ అలాగే ఉండేది. దాన్ని తీసేయడానికి వీల్లేదు కాబట్టి ఉండేది, అంతే.

ఇక రబ్బరు. జీపీఎస్‌ని అద్దానికి అంటించే రబ్బరు గిన్నె మన ఎండకి మెత్తబడి, ఒళ్ళు విరుచుకుని, నేలమీద దిగే సమయానికి సరిగ్గా ఊడిపోయేది. ఒకసారి కెప్టెన్ ఒళ్ళో పడింది. ఇంకోసారి ఆయన కాళ్ళ దగ్గర, తొక్కే పెడళ్ళ సందులో పడింది. ఆ రోజు విమానం రన్‌వే మీద పాములా మెలికలు తిరగడం నేను కిటికీలోంచి చూశాను.

దిగి వచ్చి, "అన్నా, ఇంకోసారి అది ఆడ పడితే నేనూ దాంతోనే పోతా. ఏదో ఒకటి చెయ్యి" అన్నాడు.

అన్న చేశాడు. క్యాంటీన్‌లో టేప్‌రికార్డర్‌కి జత స్పీకర్లు ఉండేవి. వాటిలో ఒకటి గొంతు పోయి గరగరలాడుతోంది. దాన్ని విప్పి వెనకున్న గుండ్రటి అయస్కాంతం తీశాడు. దాని మీద అల్యూమినియం రేకుతో జీపీఎస్ పట్టే గూడు కట్టాడు. చుట్టూ ఆకుపచ్చ గుడ్డ కుట్టాడు. ప్యానెల్ మీద చిన్న ఇనుప బిళ్ళ బిగించి, స్టాండుని దాని మీద పెడితే టక్కుమని పట్టేసింది. ఎంత ఊపినా కదల్లేదు. కెప్టెన్ అన్నని కౌగిలించుకున్నాడు. కంపెనీ మేనేజర్ కూడా వచ్చి చూసి, ఫారిన్ సరుకులా ఉందయ్యా అన్నాడు.

అయస్కాంతం పక్కన కంపాస్ చెడుతుందని అన్నకి తెలియదా అని మీరు అడుగుతారు. తెలుసు. బిగించగానే ఆయన చూసింది కంపాస్‌నే. విమానం రన్‌వే మీద ఉత్తరం ముఖంగా నిలబడి ఉంది. స్టాండు పెట్టి చూశాడు, తీసి చూశాడు. ముల్లు ఉత్తరమే చూపించింది. "చూడండి సార్, మిల్లీమీటరు గూడా కదల్లా" అన్నాడు కెప్టెన్‌తో. అక్కడితో ఆ అనుమానం తీరిపోయింది. ఆ స్టాండు కూర్చున్న చోటుని బట్టి, విమానం ఉత్తరం తిరిగి ఉన్నంతసేపూ ముల్లు నిజమే చెబుతుందనీ, పక్కకి తిరిగితే అబద్ధం చెబుతుందనీ మాకు ఎవరికీ తట్టలేదు. విమానాన్ని నాలుగు వైపులా తిప్పి చూస్తే తెలిసేది.

నాలుగు వైపులా తిప్పి చూసే రోజు కూడా ఒకటి ఉండేది. అదే తనిఖీ రోజు. మీరు జాగ్రత్తగా వినాల్సింది ఇక్కడే.

విమానంలో అనుమతి లేని వస్తువు ఏదీ బిగించకూడదు. అందుకని మద్రాసు ఇంజనీరు వస్తున్నాడని కబురందగానే అన్న ఆ స్టాండుని తీసి, తువ్వాలులో చుట్టి, క్యారియర్ సంచీలో పెట్టేవాడు. ఇనుప బిళ్ళ కనపడకుండా పైన ఒక స్టిక్కరు అతికించేవాడు. ఇంజనీరు వచ్చి, విమానాన్ని నాలుగు దిక్కులా తిప్పించి, కంపాస్ సరిచూసి, బ్రహ్మాండంగా ఉందని సంతకం పెట్టేవాడు. నిజంగానే బ్రహ్మాండంగా ఉండేది, స్టాండు లేదు కదా. ఆయన జీపు గేటు దాటగానే స్టాండు మళ్ళీ టక్కుమని ఎక్కేది. పెద్ద డాక్టరు వస్తున్నాడంటే ఆసుపత్రిలో దుప్పట్లు మార్చినట్టు, మాకిదొక అలవాటు. అందరం నవ్వుకునేవాళ్ళం. సంచీ బరువు చూసి, "అన్నా, ఈ రోజు క్యారియర్‌లో ఏంది కూర?" అని కెప్టెన్ అడిగేవాడు. మేనేజర్‌కి తెలుసు, వాచ్‌మన్‌కి తెలుసు, నాకు తెలుసు. తెలియనిది సంతకం పెట్టిన మనిషి ఒక్కడికే.

ఇలా ఎన్నో తనిఖీలు గడిచాయి.

వాయుగుండం ఒకటి తీరం దాటి పోయిన మర్నాడు, గుంటల కట్టలు ఎక్కడెక్కడ తెగాయో చూసి రమ్మని యజమాని ఫోన్ చేశాడు. దారులన్నీ నీళ్ళు. పైనించి చూడటం తప్ప వేరే మార్గం లేదు. వాన ఆగింది గానీ మబ్బు పోలేదు. సూర్యుడు ఎటున్నాడో తెలియని బూడిదరంగు మసక. నాకు నచ్చలేదు, ఆ మాటే చెప్పాను.

"తొందరగా చూసొస్తానక్కా. తోపుల మీదనే పోతా, సముద్రం మీదకి పోను" అన్నాడు కెప్టెన్.

వెంట గుంటల సూపర్‌వైజర్‌ని ఎక్కించుకున్నాడు. నడివయసు మనిషి, విమానం ఎక్కితే వాంతి చేసుకునే రకం, అయినా తప్పదు. రన్‌వే తడిసి మెత్తబడి ఉంది కాబట్టి బరువు తగ్గించడానికి ఇంధనం తక్కువే పోయించుకున్నాడు. చిన్న ప్రయాణానికి అది చాలు.

పోయినంతసేపూ బాగానే మాట్లాడాడు. ఎక్కడ కట్ట తెగిందో చెబుతుంటే నేను మేనేజర్‌కి అందించాను. తిరిగి వచ్చేటప్పుడు దారికి అడ్డంగా వాన తెర దిగింది.

"అక్కా, ముందర ఏం కనపడ్డంలా. సముద్రం మీదగా చుట్టి వస్తా" అన్నాడు.

"జాగ్రత్త కెప్టెన్" అన్నాను.

కాసేపటికి మళ్ళీ పలికాడు. "అక్కా, జీపీఎస్ ఆరిపోయింది. కరెంటు వైరు ఊడినట్టుండాది. లోపల బ్యాటరీలు ఎప్పటివో ఏమో. ఏం ఫర్లా, కంపాస్ ఉండాది గదా. వాన దాటినా, పడమరకి తిప్పినా. తీరం తగిలితే తోపులు చూసుకుంటా వచ్చేస్తా."

నేను సరే అన్నాను. అందులో తప్పు ఏముంది? సముద్రం తూర్పున ఉంది, నేల పడమర ఉంది. మా తీరంలో పసిపిల్లకైనా తెలుసు, పడమరకి పోతే నేల వస్తుంది. నేను కూర్చుని ఆయన తీరం చూశానని చెప్పే మాట కోసం ఎదురుచూశాను.

అన్న టీ గ్లాసు పట్టుకుని వచ్చాడు. "యాడ ఉండాడమ్మా?" అని అడిగాడు.

"సముద్రం మీద. జీపీఎస్ ఆరిపోయిందంట అన్నా. కంపాస్ చూసుకుని పడమరకి వస్తున్నాడు."

అన్న టీ గ్లాసు కింద పెట్టబోయి, బల్ల అంచున పెట్టాడు. అది కిందపడి పగిలింది. ఆయన చూడలేదు. ఆ స్టాండుతో విమానాన్ని ఉత్తరానికి తప్ప ఇంకెటూ తిప్పి చూడలేదని ఆయనకి అప్పుడే తట్టిందట. నా చేతిలోంచి మైకు లాక్కున్నాడు.

"సార్! ఆ స్టాండు పీకి ఎనక్కి పారెయ్యండి సార్! కంపాస్ పక్కన స్టాండు! అది తీసెయ్యండి! సార్, ఇనపడతా ఉందా?"

జవాబు లేదు. ముందు రోజు గాలికి మా యాంటెనా స్తంభం ఒరిగిపోయి ఉంది, దగ్గర్లో ఉంటేనే మా మాట అందేది. ఆయన మాట మాకు తెగి తెగి వస్తోంది గానీ మా మాట ఆయనకి చేరడం లేదు. అన్న అరుస్తూనే ఉన్నాడు. మధ్యలో కెప్టెన్ గొంతు వచ్చింది, అన్న మైకు వదిలి విన్నాడు.

"అక్కా... తీరం ఇంకా రాలా... రావాల్సింది ఈపాటికి..."

గొంతు దగ్గరవ్వాల్సింది పోయి దూరమవుతోంది. పడమరకి వస్తున్న మనిషి మాకు దగ్గరవ్వాలి. ఆ సంగతి నాకూ అన్నకీ ఒకేసారి అర్థమైంది. అన్న మళ్ళీ మైకు నొక్కి అరవడం మొదలు పెట్టాడు. ఆయన గొంతు పూడిపోయేదాకా అరిచాడు. చివరిగా కెప్టెన్ గొంతులో మాకు వినపడింది, "ఎందుకు రాలేదబ్బా" అనే ఒక్క మాట. తనలో తాను అనుకున్నట్టు అన్నాడు, మాతో కాదు.

ఆ తర్వాత గరగర తప్ప ఇంకేం లేదు.

నేను మేనేజర్ గదికి పరిగెత్తాను. ఆయన చెడ్డవాడని ఇప్పటికీ అనను. పిల్లలు గలవాడు, కెప్టెన్ పెళ్ళికి పెద్దగా నిలబడినవాడు. గాలింపు అధికారులకి ఫోన్ చేశాడు. ఎక్కడ వెతకాలి అని వాళ్ళడిగారు. చివరిసారి ఎక్కడినుంచి పలికాడు, ఎటు తిరిగానన్నాడు అని నన్నడిగి, అదే చెప్పాడు. మాకు తూర్పున సముద్రం మీదనుంచి నేరుగా పడమరకి. ఆ దారి మీద వెతకమన్నాడు. పక్కనున్న జాలర్ల పాలెం నుంచి పడవలు కూడా బయల్దేరాయి. అలలు ఇంకా తగ్గలేదు, వేటకి పోవద్దని హెచ్చరిక ఉంది, అయినా పోయారు.

"సార్, అటు లేడు. కంపాస్ తప్పు చూపించింది. అన్న చెబుతున్నాడు" అన్నాను.

మేనేజర్ ఫోన్ పెట్టేసి తలుపు వేశాడు. గుమ్మం దగ్గర నిలబడిన అన్న వైపు చూశాడు.

"ఏం చూపించింది? ఎంత తప్పు చూపించింది? ఎటు పోయినాడో చెప్పగలవా?"

అన్న చెయ్యి ఎత్తి, ఏ దిక్కు చూపించాలో తెలియక దించేశాడు.

"చెప్పలేవు గదా. ఊరికే నోరు జారబాకు. అనుమతి లేని సామాను పెట్టినామని మనమే చెప్పుకుంటే నువ్వు జైలుకి పోతావు, నేనూ పోతాను, ఈ రన్‌వే మూతపడుద్ది. మనిషి దొరికితే ఆయనే చెప్పుకుంటాడు. దొరికేదాకా ఈ గదిలో మాట ఈ గదిలోనే ఉండాల."

అన్న గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు. నేను ఆయన ముఖం చూస్తూ నిలబడ్డాను. నాకు ఆయన్ని పట్టుకుని కుదపాలనిపించింది. ఎటు అని నాకు తెలిస్తే నేనే చెప్పేదాన్ని. నాకు తెలియదు. దక్షిణమో ఉత్తరమో తెలియకుండా ఏం చెప్పి పడవల్ని తిప్పను? రేడియో గదికి పోయి మైకు దగ్గర కూర్చుని, ఏసయ్యా ఏసయ్యా అనుకుంటూ అదే పిలుపు మళ్ళీ మళ్ళీ పిలిచాను. పాలెం పడవల నుంచి కబుర్లు రావడం మొదలైంది. ఏమీ లేదు. ఇంకొంచెం దూరం పోయాం, ఏమీ లేదు. మసక ఇంకా దట్టమవుతోంది.

క్యాంటీన్‌లో ఆ రోజు కూడా పాటలు మోగుతున్నాయి. ఎవరికీ ఆపాలని తోచలేదు. పాట ఒకటి మధ్యలో పుటుక్కున ఆగిపోయింది. కిటికీలోంచి చూస్తే అన్న క్యాంటీన్‌లోంచి వస్తున్నాడు. చేతిలో రెండో స్పీకరు, వైర్లు నేలమీద ఈడుస్తున్నాయి. నేరుగా మేనేజర్ గదిలోకి పోయాడు. నేనూ పోయాను.

స్టోరులో ఉన్న పాత కంపాస్ ఒకటి, ఒక చెక్క పలక తెచ్చుకున్నాడు. పలక మీద కంపాస్ పెట్టాడు. విమానంలో ఎంత ఎడంగా ఉండేదో చేత్తో కొలిచి, అంతే ఎడంలో స్పీకరు అయస్కాంతం పెట్టాడు. రెండూ కదలకుండా టేపు చుట్టాడు. మేనేజర్ బల్ల మీద కాగితాలు మోచేత్తో తోసేసి పలకని మధ్యలో ఉంచాడు.

"ఇది ఇమానం అనుకోండి" అన్నాడు అన్న. గొంతు పూడిపోయి మాట సరిగ్గా రావడం లేదు. పలకని ఉత్తరానికి తిప్పాడు. కంపాస్ ఉత్తరం చూపించింది. "నేను చూసింది ఇది ఒక్కటే." తర్వాత పలకని కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ పోయాడు, కంపాస్ మీద పడమర అక్షరం ఎదురుగా వచ్చేదాకా. వచ్చాక చెయ్యి తీసేశాడు.

పలక ముందు కొస పడమటి గోడ వైపు లేదు. దక్షిణం కిటికీ వైపు ఉంది. దాదాపు నేరుగా.

ముగ్గురం దాన్ని చూస్తూ నిలబడ్డాం. పడమరకి పోతున్నాననుకుని కెప్టెన్ తీరం పక్కనే, తీరాన్ని తాకకుండా దక్షిణంగా పోయాడు. పోయినంతసేపూ నేల ఆయన కుడిచేతి పక్కనే ఉంది.

"ఫోన్ ఇయ్యండమ్మా" అన్నాడు అన్న నాతో.

మేనేజర్ చెయ్యి ఫోన్ మీద ఉంది. నేను ఆ చెయ్యి తీసి పక్కన పెట్టాను. ఆయన బలంగా పట్టుకోలేదని కూడా చెప్పాలి. నంబరు కలిపి అన్నకి ఇచ్చాను. అన్న తన పేరు, ఊరి పేరు చెప్పాడు. ఆ స్టాండు చేసింది నేను అన్నాడు. తనిఖీ రోజు తీసి దాచింది నేను అన్నాడు. దక్షిణంగా వెతకండి, తీరానికి దగ్గరగా వెతకండి అన్నాడు. మేనేజర్ పేరు గానీ నా పేరు గానీ ఎత్తలేదు.

దక్షిణాన వేరే పాలెం పడవలు బయల్దేరాయి. వెలుగు పూర్తిగా పోకముందే దొరికారు. ఇద్దరి ఒంటి మీదా నీళ్ళలో తేలే జాకెట్లు ఉన్నాయి. సూపర్‌వైజర్ ప్రాణంతో ఉన్నాడు. ఒక చేత్తో కెప్టెన్ జాకెట్ పట్టీ పట్టుకుని ఉన్నాడు, పడవలోకి ఎక్కించాక కూడా ఆ వేళ్ళు విప్పడానికి కష్టమైందట. నీళ్ళ మీద దిగేటప్పుడు విమానం తల్లకిందులై కెప్టెన్ తలకి దెబ్బ తగిలింది. నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరు చూసి, ప్రాణం పోయి ఎక్కువసేపు కాలేదు అన్నాడు. ఆ మాట కెప్టెన్ భార్య పక్కనే అన్నాడు. ఎక్కువసేపు కాలేదు అంటే ఏమిటో ఆమెకి అప్పుడు అర్థం కాలేదు. నాకూ అన్నకీ అర్థమైంది.

పడవలు ముందు తూర్పుకి పోకుండా దక్షిణానికే పోయి ఉంటే అని మీరు లెక్క వేయక్కర్లేదు. ఆ లెక్క వేయడానికి మేం ఉన్నాం.

విచారణ జరిగింది. అన్న అన్నీ చెప్పాడు. మేనేజర్ తనకేమీ తెలియదన్నాడు. నన్నడిగితే, స్టాండు ఉండేది, తనిఖీకి తీసేవాళ్ళు, అందరికీ తెలుసు అన్నాను. అందరికీ అంటే ఎవరికి అన్నారు. అందరికీ అన్నాను. కాగితం మీద మాత్రం మెకానిక్ నిర్లక్ష్యం అనే రాసుకున్నారు. అందరికీ శిక్ష వేయడం కుదరదు కాబోలు, ఒకడైతే సులువు. అన్న ఉద్యోగం పోయింది, కొన్నాళ్ళు కోర్టుల చుట్టూ తిరిగాడు. రన్‌వే మూతపడింది. నేను వేరే చోట రేడియో గదిలో చేరి, రిటైరయ్యేదాకా అక్కడే పని చేశాను. ఆ కొత్త చోట, తనిఖీకి ముందు సర్దుదాం అని ఎవరైనా అంటే నేను గొడవ పెట్టుకునేదాన్ని. వెనక నన్ను గయ్యాళి అనుకునేవాళ్ళని తెలుసు. అనుకోనియ్యండి.

విచారణలో నేను చెప్పనిది ఒకటుంది. ఆసుపత్రిలో సూపర్‌వైజర్ నాతో ఒక్కదానితోనే చెప్పిన సంగతి.

ఇంధనం అయిపోతోందని తెలిశాక, నీళ్ళ మీద దిగక తప్పదని కెప్టెన్ ఆయనతో చెప్పాడట. దిగేటప్పుడు ముఖానికి తగిలే వస్తువులు ముందు ఉండకూడదు. అందుకని చెయ్యి చాచి జీపీఎస్‌ని స్టాండుతో సహా పీకి వెనక సీట్లోకి విసిరేశాడట. విసిరేసి, కంపాస్ వైపు చూశాడట. ముల్లు గిర్రున తిరిగి ఇంకోచోట నిలబడింది. కెప్టెన్ వెనక సీట్లో పడిన స్టాండు వైపు ఒకసారి చూసి, కుడివైపుకి విమానాన్ని తిప్పాడట. అప్పుడే అన్నాడట, "ఈ సంగతి అన్నకి చెప్పబాకు. తట్టుకోలేడు" అని. నువ్వు బతుకుతావు, నేను ఎట్లయినా నిన్ను దింపుతా, కానీ ఇది మాత్రం చెప్పబాకు అని.

మసకలో సర్వితోపులు నల్లటి గీతలా కనపడ్డాయట. ఇంజను అప్పుడు ఆగిపోయింది.

సూపర్‌వైజర్ అది ఇంకెవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. అన్న నన్ను ఎప్పుడు కలిసినా ఒకే మాట అడిగేవాడు, "సార్‌కి తెలిసిందా అమ్మా? కంపాస్ ఎందుకు తప్పిందో ఆయనకి తెలిసిందా?" సూపర్‌వైజర్‌కి దెబ్బ తగిలి ఏమీ గుర్తులేదన్నా అని నేను అబద్ధం చెప్పేదాన్ని. ఆయన తల ఊపి, టీ తాగుతారా అమ్మా అనేవాడు.

ఈ మధ్య కావలిలో పెళ్ళికి పోయి, వచ్చేటప్పుడు ఆయన షెడ్డుకి పోయాను. గుంటల్లో నీళ్ళు చిలికే మోటార్లు బాగు చేస్తున్నాడు. చాలా ముసలివాడైపోయాడు. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టాడు. నూనె చేతులు తుడుచుకుంటూ మళ్ళీ అదే అడిగాడు. ఎన్నేళ్ళు అబద్ధం చెబుతాను? ఆయనా నేనూ ఎన్నాళ్ళుంటాం? కెప్టెన్‌కి ఆయన మీద కోపం లేదని తెలిస్తే చచ్చేలోపు మనసు కుదుటపడుతుందని నాకు గట్టిగా అనిపించింది.

"తెలిసిందన్నా. స్టాండు తీసినాడు. ముల్లు తిరిగింది. చూసినాడు" అన్నాను.

అన్న చేతులు తుడుచుకుంటున్న గుడ్డని మోటారు మీద పెట్టాడు.

"ఆయనకి నీ మీద కోపం రాలేదన్నా. నీకు చెప్పొద్దన్నాడు. నువ్వు తట్టుకోలేవన్నాడు."

"తిప్పినాడా? తీరం పక్కకి తిప్పినాడా?"

"తిప్పినాడు."

"తోపులు కనపడినాయా ఆయనకి?"

నేను అక్కడైనా ఆగి ఉండాల్సింది. "కనపడినాయి" అన్నాను.

అన్న మోటారు పక్కన కింద కూర్చున్నాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను. ఏడవలేదు. తల ఎత్తి నా ముఖంలోకి చూశాడు.

"ఆయన చెప్పొద్దన్నాడు గదమ్మా. ఎందుకు చెప్పినారు?" అన్నాడు.

టీ తాగుతారా అని కూడా అడగలేదు ఆయన. స్టూలు మీద నుంచి లేచి వచ్చేశాను.